పాత సీ కంపైలర్‌కు క్లాసులు చేర్చే పద్ధతి

పనిచేస్తున్న సీ కంపైలర్‌కు క్లాసులు (డేటాను, దానిపై పనిచేసే ఫంక్షన్లను కలిపి ఉంచే టైపులు), ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు నుంచి మరొకటి పుట్టడం), వర్చువల్ ఫంక్షన్లు (ఏది పిలవాలో ప్రోగ్రాము నడిచేటప్పుడు ఆబ్జెక్టును బట్టి తేలేవి) చేర్చదలచినవారు సాధారణంగా వ్యాకరణాన్ని చదివే పార్సర్ దగ్గర పని మొదలుపెడతారు గాని, మెమరీలో ఆబ్జెక్టు అమరికను ముందుగా నిర్ణయించుకోవడం మేలు. వ్యాకరణాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. జనం లైబ్రరీలు కంపైల్ చేసుకున్న తరువాత అమరికను మార్చడం దాదాపు అసాధ్యం.

బేస్ క్లాసు (మూల క్లాసు) ఫీల్డులను దాని నుంచి పుట్టిన డిరైవ్డ్ క్లాసులో మొదటనే, అదే వరుసలో ఉంచాలి. అప్పుడు ఒకే బేస్ ఉన్నంతవరకు డిరైవ్డ్ పాయింటర్‌ను ఏ సవరణా లేకుండా బేస్ పాయింటర్‌గా వాడుకోవచ్చు. వర్చువల్ ఫంక్షన్ ఉన్న క్లాసుకు మాత్రమే ఆబ్జెక్టు ఆరంభంలో వీటేబుల్ (ఆ క్లాసు వర్చువల్ ఫంక్షన్ల చిరునామాల పట్టిక) పాయింటర్ చేర్చాలి; బేస్‌కు లేని ఈ పాయింటర్ డిరైవ్డ్ క్లాసులో కొత్తగా చేరితే మాత్రం బేస్ ఫీల్డులు జరుగుతాయి, పాయింటర్‌ను సవరించవలసి వస్తుంది. 64 బిట్ల యంత్రంలో 4 బైట్ల ఇంట్ ఒక్కటే ఉన్న క్లాసు, ఈ పాయింటర్ చేరగానే అలైన్‌మెంట్ (డేటాను నిర్ణీత హద్దుల వద్దే ఉంచే నియమం) వల్ల 16 బైట్లు అవుతుంది. వర్చువల్ ఫంక్షన్లు లేని స్ట్రక్ట్‌కు కూడా దీనిని తగిలిస్తే పాత సీ లైబ్రరీలతో పొత్తు చెడుతుంది.

వర్చువల్ కాల్‌ను ఫ్రంట్ ఎండ్‌లోనే (సోర్సును చదివి అర్థం చేసుకునే తొలి భాగంలోనే) విప్పివేయాలి: ఆబ్జెక్టు నుంచి వీటేబుల్‌ను, అందులోని నిర్ణీత స్థానం నుంచి ఫంక్షన్ చిరునామాను చదివి, ఆబ్జెక్టు పాయింటర్‌ను కనిపించని మొదటి ఆర్గ్యుమెంట్‌గా పంపుతూ పిలవాలి. ఇవన్నీ సీలో ఇప్పటికే ఉన్న పనులే కనుక యంత్రానికి కోడ్ వెలువరించే కోడ్ జనరేటర్‌ను ముట్టుకోనక్కరలేదు. 1985లో విడుదలైన, సీ ప్లస్ ప్లస్ సృష్టికర్త స్ట్రౌస్ట్రప్ గారి సీఫ్రంట్ అనే కంపైలర్ సీ ప్లస్ ప్లస్‌ను సీగా మార్చి ఇవ్వగలిగింది ఇందువల్లనే.

ఒకే పాసులో (సోర్సును ఒక్కసారే చదువుతూ) పనిచేసే కంపైలర్‌కు అసలు చిక్కు వేరే ఉంది. క్లాసు లోపలే రాసిన ఫంక్షన్, తన తరువాత ప్రకటించిన ఫీల్డును కూడా వాడవచ్చు; కాబట్టి దాని బాడీలోని టోకెన్లను (పదాలు, గుర్తులను) దాచి ఉంచి, క్లాసు ముగిసిన తరువాతే పార్స్ చేయాలి. ఓవర్‌లోడింగ్ (ఒకే పేరుతో వేర్వేరు పారామీటర్ల ఫంక్షన్లు) కావాలంటే, కంపైలైన ముక్కలను కలిపే లింకర్‌కు పేర్లే తప్ప టైపులు తెలియవు కనుక, పారామీటర్ల టైపులను ఫంక్షన్ పేరులోనే ఇమడ్చాలి.

మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్‌ను (ఒక క్లాసుకు ఒకటికి మించి బేస్‌లు ఉండడాన్ని) తొలి వెర్షన్‌లో వదిలివేయడమే వివేకం. రెండవ బేస్ ఆబ్జెక్టు మధ్యలో పడుతుంది కనుక దానికి, దాని నుంచి జరిగే ప్రతి మార్పిడిలోనూ పాయింటర్‌ను జరపవలసి వస్తుంది, దేనినీ సూచించని నల్ పాయింటర్‌ను మాత్రం జరపకూడదు.

ఎక్సెప్షన్లను (లోపం రాగానే ఫంక్షన్ల నుంచి అర్ధాంతరంగా బయటపడే ఏర్పాటును) ఇంకా దూరం పెట్టాలి. అవి వస్తే దాదాపు ప్రతి కాల్‌కూ రెండవ నిష్క్రమణ మార్గం ఏర్పడుతుంది, కోడ్‌ను మెరుగుపరచే ఆప్టిమైజర్ నమ్ముకున్న కంట్రోల్ ఫ్లో గ్రాఫ్ (ప్రోగ్రాము నడిచే దారుల పటం) మారిపోతుంది. వీటిని చేర్చే ప్రయత్నం విఫలమై సీఫ్రంట్ 4.0ను 1993లో విరమించుకున్నారు.

క్లాస్, న్యూ, దిస్ అనేవి పాత సీ ప్రోగ్రాముల్లో వేరియబుల్ పేర్లుగా తరచు కనిపిస్తాయి కాబట్టి కొత్త కీవర్డులను ఒక ఆప్షన్ వెనుక ఉంచాలి. ఆ ఆప్షన్ లేకుండా పాత టెస్టులన్నిటినీ కంపైల్ చేసి, వెలువడిన అసెంబ్లీ మునుపటి దానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోతున్నదో లేదో ప్రతి మార్పు తరువాతా పోల్చి చూడాలి.