డౌటు ఏ భాషలో అడగనిస్తారు? రెండు భాషల హైస్కూల్లో పిల్లల్ని చేర్పించేవాళ్లకి ఒక సైన్సు టీచరు మాటలు

మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకి సెలవులిస్తారు. ఏడాదంతా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసే నాన్నలకి తీరిక దొరికేది ఆ కాస్త కాలమే. ఉతికిన చొక్కా వేసుకుని, పిల్లాడి చెయ్యి పట్టుకుని మా హైస్కూలు గేటు లోపలికి వస్తారు. సెలవుల్లో వంతులవారీగా ఒకరిద్దరం టీచర్లం అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చుంటాం. నా వంతు వచ్చినప్పుడు వినే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మేడమ్, ఇది ఇంగ్లీషు మీడియమేనా?"

అవునంటే హమ్మయ్య అనుకుంటారు. "తెలుగులో కూడా చెప్తామండీ" అని నేను రెండో మాట అనేసరికి అదే మొహం చిన్నబోతుంది. రెండు భాషలంటే సగం అది, సగం ఇది, చివరికి ఏదీ రాదని వాళ్ల భయం. ఆ భయం వట్టిది కాదు, అలా నడిచే బళ్లూ ఉన్నాయి. అందుకే మా బడైనా, విజయవాడ వన్‌టౌన్లో ఇంకో బడైనా, చేర్పించేముందు ఏం చూడాలో, ఎవర్ని ఏం అడగాలో, చేరాక ఇంట్లో ఏం చెయ్యాలో రాస్తున్నాను.

నేను ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. చదువుకున్నది దుగ్గిరాల దగ్గర పల్లెలో, తెలుగు మీడియంలో. ఇంటర్ బైపీసీకి గుంటూరు వస్తే, సారు రోజూ అనే డయాఫ్రమ్మూ, నేను పదిలో బట్టీ పట్టిన ఉదరవితానమూ ఒకటేనని దసరా సెలవులదాకా నాకు తెలియలేదు. అడుగుదామంటే ఇంగ్లీషు రాదు, తెలుగులో అడిగితే నవ్వుతారేమోనని సిగ్గు.

పుస్తకం తిరగేసి చూడండి

మన రాష్ట్రంలో ప్రభుత్వ బళ్లని ఇంగ్లీషు మీడియంకి మార్చాలని 2019 నవంబరులో జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తగువు మాటెలా ఉన్నా, 2020-21 నుంచి పిల్లల చేతికి జంట భాషల పుస్తకాలు రావడం మొదలైంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో, బొమ్మలతో సహా. సైన్సుకీ లెక్కలకీ ఇలాంటి పుస్తకాలు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానంలోనూ రాశారు.

బడికి వచ్చినప్పుడు పాత పిల్లలెవరైనా వాడేసిన సైన్సు పుస్తకం ఒకటి చూపించమనండి. పెన్సిలు గీతలన్నీ ఇంగ్లీషు పేజీలోనే ఉండి ఎదురు పేజీ తెల్లగా ఉందంటే, తెలుగు ఆ పుస్తకంలో బరువుకి మాత్రమే ఉంది. గీతలన్నీ తెలుగు పేజీలోనే ఉంటే ఇంగ్లీషు పరీక్ష ముందురోజు రాత్రి మొదలవుతుందన్నమాట. రెండువైపులా గీతలుండి, పక్కన పిల్లాడు తన చేత్తో రాసుకున్న మాటలు కూడా కనిపిస్తే ఆ బడిని కాస్త నమ్మొచ్చు.

ఒక మాట ఒప్పుకోవాలి. తెలుగు పేజీ ఉంది కదా అని పాఠం తేలికైపోదు. ఫోటోసింథసిస్ అన్నా, కిరణజన్య సంయోగక్రియ అన్నా ఆరో తరగతి పిల్లకి రెండూ పరాయి మాటలే. ఆకులు నీటిని ఆవిరిగా వదలడాన్ని పుస్తకంలో బాష్పోత్సేకం అంటారు, ఆ మాటని నేను ఇంతవరకూ ఏ ఇంట్లోనూ వినలేదు. కాబట్టి బడిలో నిజంగా ఉండాల్సింది మూడో భాష, అంటే పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష. ఈ సంగతి నోటుబుక్కు దగ్గర మళ్లీ చెబుతాను.

మామూలు మంగళవారం రండి

పాఠాలు జరిగే రోజుల్లో ఒకసారి వచ్చి చూడండి. ప్రత్యేకమైన రోజున వద్దు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. అలాంటి రోజున ఏ బడైనా పెళ్లిల్లులాగే ఉంటుంది. మామూలు మంగళవారం, మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి పీరియడులో ఎనిమిదో తరగతి వెనక బెంచీలో పదిహేను నిమిషాలు కూర్చుంటామని హెడ్‌మాస్టర్ గారిని అడగండి. కుదరదంటే వరండాలో నిలబడినా వినబడుతుంది.

మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, చెవి పెట్టాల్సింది పిల్లల నోటికి. టీచరు ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి, వెంటనే తెలుగులో చెప్పి, మళ్లీ ఒక వాక్యం చదివి మళ్లీ తెలుగులో చెబుతుంటే, పిల్లలు ఇంగ్లీషు వాక్యం వచ్చినప్పుడల్లా చెవులు మూసుకుని తెలుగు కోసం ఎదురుచూస్తారు. రెండు భాషల బోధన అంటే చాలామంది ఇదే అనుకుంటారు. నేనూ కొన్నేళ్లు ఇదే చేశాను. ఇప్పుడు చేసేది వేరు. ముందు విషయం మీద తెలుగులో మాట్లాడుకుంటాం, వాదించుకుంటాం. ఆ తర్వాత ఇంగ్లీషు పేజీ తీస్తాం. అప్పటికి కథ తెలుసు కాబట్టి అందులో కొత్తవి మాటలే. చివర జవాబు రెండు మూడు వాక్యాలైనా ఇంగ్లీషులో వాళ్లే కట్టాలి.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. జంట పుస్తకాలు వచ్చిన కొత్తలో నేనొక రూలు పెట్టాను: నా క్లాసులో జవాబు ఇంగ్లీషులోనే చెప్పాలని. మిట్టమధ్యాహ్నం మొక్క ఆకులు ఎందుకు వాలిపోతాయి, సాయంత్రానికి ఎందుకు లేస్తాయి అని అడిగాను. యార్డులో పనిచేసే హమాలీ గారి అబ్బాయి లేచి నిలబడి, నోరు తెరిచి, మళ్లీ కూర్చున్నాడు. చదవలేదు కాబోలనుకుని రెండు మాటలన్నాను కూడా. ఇంటర్వెల్లో కుళాయి దగ్గర వాడు పక్కవాడికి చెబుతున్నాడు: "ఎండకి ఆకు తాగినదానికంటే ఎక్కువ వదిలేసుద్దిరా. ఎండ తగ్గినాక మళ్లీ తాగుద్ది." బాష్పోత్సేకం పాఠం మొత్తం అంతే. మర్నాడు క్లాసులో రూలు తీసేశాను. వాణ్ని బోర్డు దగ్గరికి పిలిచి అదే మాట చెప్పించి, దాన్ని ఇంగ్లీషులో ఎలా అంటారో అందరం కలిసి కట్టాం.

అందుకే హెడ్‌మాస్టర్ గారి గదిలో మీడియం ఏంటని అడగొద్దు. "మా పిల్ల తెలుగులో డౌటు అడిగితే ఏం చేస్తారు?" అని అడగండి. తెలుగు మాట్లాడితే ఫైనుందా అని కూడా అడగండి. నవ్వులాటకి అనడం లేదు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేసిన సంగతి పేపర్లలో వచ్చింది. పలకలు పోయినా ఆ అలవాటు కొన్నిచోట్ల ఇంకో రూపంలో ఉంది, పది రూపాయల ఫైనుగానో, మానిటరు రాసే పేర్ల జాబితాగానో. ఎనిమిదో తరగతి వరకు వీలైనంతలో మాతృభాషలో చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. అదే చట్టం ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లలకి గానీ మీకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. మార్చి వచ్చిందంటే ఇంటింటికీ తిరిగే ప్రైవేటు బళ్ల పీఆర్వోలు ఈ ముక్క చెప్పరు.

నోటుబుక్కులు కూడా చూడండి. తప్పుల్లేని నోటుబుక్కు చూస్తే నాకు అనుమానం. గైడులోంచి ఎక్కించి ఉంటారు. కొట్టివేతలు, ఎర్ర ఇంకు, మళ్లీ రాసిన వాక్యం, ఇవి ఉన్న పుస్తకం మంచి పుస్తకం. మరుగుదొడ్లు, మంచినీళ్లు ఎటూ చూస్తారు కాబట్టి వాటి గురించి రాయడం లేదు. అన్నం సంగతి అడగాలనుకుంటే మమ్మల్ని కాదు, పిల్లల్ని అడగండి.

ఐదేళ్ల లెక్క

ఆరో తరగతిలో చేరిన పిల్ల ఆగస్టుకల్లా ఇంగ్లీషు దంచేయాలని చూడొద్దు. టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జిమ్ కమిన్స్ అనే ఆయన వలస కుటుంబాల పిల్లల మీద చేసిన పని ఈ విషయంలో బాగా పేరున్నది. కొత్త భాషలో కబుర్లు చెప్పడానికి రెండేళ్లు పడితే, అదే భాషలో పాఠం చదివి, ఆలోచించి రాయడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన తేల్చాడు. ఆ పిల్లల చుట్టూ వీధంతా ఇంగ్లీషే. మనకి గుంటూరు కొత్తపేటలో, సంగడిగుంటలో ఆ వీలు లేదు. ఆరు నుంచి పది వరకు చేతిలో ఉన్నది సరిగ్గా ఐదేళ్లు. తొమ్మిదిలో తీసుకొచ్చి "ఇంగ్లీషు మీడియంలో వెయ్యండి మేడమ్" అంటే నాకు టెన్షన్ వచ్చేది అందుకే.

మార్కుల లెక్క కూడా చూడండి. పదో తరగతిలో తెలుగు ప్రథమ భాష, హిందీ ద్వితీయ, ఇంగ్లీషు తృతీయ. ఒక్కోదానికి 100 చొప్పున, 600లో 300 భాషలవే. ఇంగ్లీషు మీడియం కదా అని తెలుగుని గాలికొదిలేసినవాళ్లు చివరికి తెలుగులోనే మార్కులు పోగొట్టుకోవడం ఏటా చూస్తున్నాను. పరీక్ష ఏ మీడియంలో రాస్తారన్నది నామినల్ రోల్స్, అంటే పదో తరగతి పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా పంపేటప్పుడే పడిపోతుంది. సంతకం పెట్టేముందు ఆ కాలమ్ చదవండి.

లెక్కల్లో ఇంగ్లీషుతో పనేముంది, అంకెలే కదా అంటారు. మా లెక్కల సారు చూపించిన చిక్కు ఇది. "12 కంటే 5 తక్కువ" అని తెలుగులో చెబితే పిల్లలు విన్న వరసలోనే 12 - 5 అని రాస్తారు. ఇంగ్లీషులో "ఫైవ్ లెస్ దాన్ ట్వెల్వ్" అంటారు, ముందు ఐదు వినబడుతుంది. అదే వరసలో 5 - 12 అని రాసి తప్పు చేస్తారు. వాళ్లకి తీసివేత రాక కాదు. క.సా.గు. వచ్చిన పిల్లకి ఎల్‌సీఎం అనగానే చేతులు ఆగిపోవడం కూడా ఇలాంటిదే. ట్యూషను పెట్టించేముందు లోపం లెక్కలోనా, మాటలోనా అని టీచర్ని అడగండి.

మూడు గడుల నోటుబుక్కు

ఇంట్లో మీరు చేయగలిగింది ఇదొక్కటే, ఖర్చు ఒక నోటుబుక్కు. పేజీని నిలువుగా మూడు గడులు చెయ్యండి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో పుస్తకంలోని తెలుగు మాట, మూడో గడిలో మీ ఇంట్లో మాట. మూడోది నింపాల్సింది మీరే. రోజుకి నాలుగు మాటలు చాలు.

ఆస్మాసిస్ వచ్చినప్పుడు ఒక అమ్మాయి రెండో గడిలో ద్రవాభిసరణ అని రాసుకుని, మూడోది ఖాళీగా పట్టుకొచ్చింది. వాళ్లమ్మకి తెలియదందట. "నిమ్మకాయ ముక్కల్లో ఉప్పేసి జాడీలో పెడితే మూడో రోజుకి నీళ్లెలా వస్తాయో అమ్మని అడుగు" అని పంపాను. మర్నాడు మూడో గడిలో "ఊట" అని ఉంది, అమ్మ చేతిరాతతో. నీళ్లు పొయ్యకుండానే నీళ్లెలా వచ్చాయని ఆ రోజు పీరియడంతా ఊటమీదే నడిచింది. లాలాపేట నుంచి వచ్చే మా పిల్లలు కొందరికి ఇంట్లో ఉర్దూ. వాళ్ల మూడో గడిలో ఆవిరికి "భాప్" అని తెలుగు అక్షరాల్లో రాసి ఉంటుంది. అదీ సరైనదే.

ఇక చేరబోయే నీకు. మొదటి రెండు నెలలు క్లాసులో నోరు పెగలకపోవచ్చు. కంగారు పడకు. వినడం కూడా పనే. ఒక్క వాక్యం మాత్రం ముందే నేర్చుకుని రా: "మేడమ్, ఈ మాటని తెలుగులో ఏమంటారు?" తెలుగులోనే అడుగు. రెండో వాక్యం దసరాకి నేర్చుకుందువుగాని: "దీన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?" పక్క బెంచీవాళ్లు నవ్వితే నవ్వనీ, నేను వాళ్లనే తర్వాతి ప్రశ్న అడుగుతాను.

కాగితాలు

ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, ఐదో తరగతి రికార్డు షీటు (పాత బడివాళ్లిచ్చే బదిలీ కాగితం), అమ్మ బ్యాంకు పాసుబుక్కు జిరాక్సు తెచ్చుకోండి. పాత బడివాళ్లు రికార్డు షీటు ఇవ్వడం ఆలస్యమైందని ఎనిమిది లోపు తరగతుల్లో పిల్లల్ని చేర్చుకోకుండా ఆపకూడదు. అది వచ్చేలోపు పిల్లాణ్ని ఇంట్లో కూర్చోబెట్టొద్దు.

పేరు దగ్గర మాత్రం తొందరపడొద్దు. రెండు భాషల బడిలో పేరు కూడా రెండు భాషల్లో రాస్తాం. ఆధార్లో షేక్‌కి చివర హెచ్ ఉంటుంది, రికార్డు షీటులో ఉండదు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడిన పేరూ పుట్టినతేదీ తర్వాత మార్పించుకోవాలంటే కాళ్లరుగుతాయి. కాగితాలన్నీ బల్లమీద పరిచి, ఒక్కో అక్షరం నాతో కలిసి చూసుకోండి. పావుగంట పడుతుంది. యార్డు తెరిచేలోపు వస్తే ఆ పావుగంట మీకూ ఉంటుంది, నాకూ ఉంటుంది. బళ్లు తెరిచాక ఆ బల్ల దగ్గర లైను గేటుదాకా ఉంటుంది.