బాస్కెట్‌బాల్ చూసే విద్య – 5వ పాఠం: కోచ్ మీద కన్ను

గత పాఠంలో ఒక క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) మొత్తం బంతిని వదిలేసి, బంతి లేని ఆటగాళ్లనే చూడమన్నాను. చూసినవారికి ఒక సంగతి తట్టే ఉంటుంది. వాళ్లు ఊరికే పరుగెత్తరు, ముందే గీసిపెట్టిన దారుల్లో పరుగెత్తుతారు. ఆ దారులు గీసే మనిషి కోర్టు పక్కన నిలబడి ఉంటాడు. అతని పనిలో మన కంటబడేది చాలా కొద్ది. ఆ కొద్దిలోంచే అతని విలువ ఎలా కట్టాలన్నది ఇవాళ్టి పాఠం.

గెలిస్తే మంచి కోచ్, ఓడితే చెడ్డ కోచ్ అన్న లెక్కను ముందు పక్కన పెట్టండి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని జట్ల యాజమాన్యాలే దాన్ని పూర్తిగా నమ్మవు. 2016 జనవరిలో క్లీవ్‌లాండ్ జట్టు 30 గెలుపులు, 11 ఓటములతో దూసుకుపోతున్నప్పుడే డేవిడ్ బ్లాట్‌ను తప్పించింది. సహాయ కోచ్ టైరన్ లూకు పగ్గాలు ఇచ్చింది, ఆ ఏడాదే టైటిల్ గెలిచింది. ఇంకోవైపు చూడండి: 2019లో టొరంటోను గెలిపించిన నిక్ నర్స్, 2020లో లేకర్స్‌ను గెలిపించిన ఫ్రాంక్ వోగెల్, 2021లో మిల్వాకీని గెలిపించిన మైక్ బుడెన్‌హోల్జర్, 2023లో డెన్వర్‌ను గెలిపించిన మైక్ మలోన్. టైటిల్ తెచ్చి నాలుగేళ్లు తిరగకుండానే నలుగురి ఉద్యోగాలూ పోయాయి. మలోన్‌నైతే లీగ్ దశ ముగియడానికి మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగా పంపేశారు.

అందుకే మీ నోటు పుస్తకంలో రెండు పేజీలు తెరవండి. ఒకటి అభిమాని పేజీ, రెండోది ఆటగాడి పేజీ. ఒకే కోచ్‌కు ఈ రెండింటిలో ఒకే మార్కులు పడటం అరుదు.

అభిమాని పేజీలో మొదట రాయాల్సింది టైమౌట్, అంటే ఆట ఆపి కోచ్ జట్టుతో మాట్లాడే చిన్న విరామం. ఎన్‌బీఏలో 48 నిమిషాల ఆటకు జట్టుకు 7 టైమౌట్లు. అంతర్జాతీయ నిబంధనల్లో ఆట 40 నిమిషాలు, టైమౌట్లు మొదటి సగంలో 2, రెండో సగంలో 3. ఎప్పుడు అడిగాడో గుర్తుంచుకోండి. ప్రత్యర్థి వరుసగా ఎనిమిది, పది పాయింట్లు కొట్టాక అడిగాడా, ఆ ఊపు మొదలవుతుండగానే పసిగట్టాడా? ఆ తర్వాత కోచ్‌ను వదిలేసి, బెంచ్ చుట్టూ గుమిగూడిన ఆటగాళ్ల ముఖాలు చూడండి. కళ్లు కోచ్ ఎత్తుగడ గీసే పలక మీద ఉన్నాయా, ప్రేక్షకుల మీద ఉన్నాయా? చివరగా, ఆట మళ్లీ మొదలయ్యాక మొదటి దాడి. టైమౌట్ ముగిశాక వచ్చే ఆ ఒక్క దాడి కోచ్ చేతిరాత లాంటిది. షాట్ పడిందా లేదా అన్నది ఆటగాడి ఖాతా. మనిషి అడ్డం లేని మంచి షాట్ దొరికిందా అన్నది కోచ్ ఖాతా. ఈ తేడా పట్టుబడితే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే.

షికాగో, లేకర్స్ జట్లకు కోచ్‌గా చేసిన ఫిల్ జాక్సన్ ఇక్కడ మనల్ని తికమక పెడతాడు. జట్టు తడబడుతున్నా టైమౌట్ అడగకుండా కుర్చీలో కూర్చునే ఉండేవాడు. దారి వాళ్లే వెతుక్కోవాలన్నది అతని పద్ధతి. కోచ్‌గా 11 టైటిళ్లు ఉన్నవాడు కాబట్టి చెల్లింది. కొత్త కోచ్ అదే పని చేస్తే నిద్రపోతున్నాడని అభిమానులు గోల చేసేవారు.

అరుపుల గురించి కూడా ఒక మాట. సెర్బియా కోచ్ జెల్కో ఒబ్రదోవిచ్ టైమౌట్‌లో ముఖం కందిపోయేలా అరుస్తాడు. యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్‌ను ఐదు వేర్వేరు క్లబ్బులతో కలిపి 9 సార్లు గెలిచాడు. అరుపు వల్ల గెలిచాడని అనుకునేవారిని చాలామందిని చూశాను. శబ్దం తగ్గించి చూడండి: పలక మీద అతని చెయ్యి ఎక్కడ ఉందో, ఎవరికి ఏ స్థానం చూపిస్తున్నాడో కనిపిస్తుంది. అరుపులో సమాచారం ఉంటే ఆటగాళ్లు భరిస్తారు. ఉత్త కోపమే ఉంటే కొన్నాళ్లకు చెవులు మూసుకుంటారు.

ఇక ఆటగాడి పేజీ. ఇది కష్టమైనది, అసలు రుచి కూడా ఇక్కడే ఉంది.

ఐదుగురు, 48 నిమిషాలు: మొత్తం 240 నిమిషాలు. కోచ్ చేతిలో ఉన్న సొమ్ము అంతే. దాన్ని సాధారణంగా తొమ్మిది, పది మందికి పంచుతాడు, మిగిలినవారు తువ్వాళ్లు భుజాన వేసుకుని కూర్చుంటారు. నిమిషాలు తగ్గినందుకు ఆటగాడికి బాధ ఉంటుంది, ఎందుకు తగ్గాయో ఎవరూ చెప్పకపోతే ఆ బాధ పగ అవుతుంది. ఆ మాట నేరుగా చెప్పగల కోచ్‌కు బెంచ్ మీదివాళ్లు కూడా ఆడతారు. టీవీలో దీన్ని పట్టుకునే చోటు ఒకటుంది. మార్పిడి జరిగి ఆటగాడు బయటికి వచ్చినప్పుడు అతని నడక చూడండి. కోచ్ పక్కనుంచి, ఒక మాట వింటూ వెళ్తాడా, లేక చుట్టు తిరిగి బెంచ్ చివరికి పోతాడా?

ఒక సంఘటనను దగ్గరగా చూద్దాం. 1994 ప్లేఆఫ్స్ (లీగ్ దశ తర్వాత టైటిల్ కోసం జరిగే పోటీలు), షికాగో, న్యూయార్క్ జట్ల మూడో మ్యాచ్. షికాగో స్టార్ మైకేల్ జోర్డన్ అప్పటికి ఆటకు దూరంగా ఉన్నాడు, షికాగోకు పెద్ద దిక్కు స్కాటీ పిపెన్. స్కోరు 102–102, మిగిలింది 1.8 సెకన్లు. జాక్సన్ చివరి షాట్ టోనీ కుకోచ్‌కు రాశాడు, బంతి అందించే పని పిపెన్‌కు ఇచ్చాడు. పిపెన్ కోర్టులోకి వెళ్లనన్నాడు. జాక్సన్ బతిమాలుతూ కూర్చోలేదు, షాట్‌నూ మార్చలేదు. పీట్ మయర్స్ బంతి అందించాడు, కుకోచ్ వేశాడు, షికాగో గెలిచింది.

అక్కడితో అభిమాని పేజీ నిండింది. ఆటగాడి పేజీ డ్రెస్సింగ్ రూమ్‌లో మొదలవుతుంది. జాక్సన్ ఉపన్యాసం దంచలేదు, జరిగినదాన్ని ఆటగాళ్లే తేల్చుకోవాలని వదిలేశాడు. సీనియర్ బిల్ కార్ట్‌రైట్ కన్నీళ్లతో మాట్లాడాడు. తర్వాతి మ్యాచ్‌లో పిపెన్ ఆడాడు, జట్టు గెలిచింది. తిట్టడానికి పూర్తి హక్కు ఉన్న చోట నోరు కట్టుకోవడం నా లెక్కలో ఆ షాట్ రాయడం కంటే పెద్ద పని.

ఓటమి రాత్రులు కూడా చూడాలి. 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో శాన్ ఆంటోనియోకు టైటిల్ సెకన్ల దూరంలో ఉంది. కోచ్ గ్రెగ్ పోపోవిచ్ తన ప్రధాన రీబౌండర్ (పడని షాట్ల బంతిని అందుకునేవాడు) టిమ్ డంకన్‌ను బెంచ్ మీద ఉంచాడు. మయామీ ఆటగాడు క్రిస్ బాష్‌కు రీబౌండ్ దొరికింది, రే అలెన్ 5.2 సెకన్లుండగా మూలనుంచి మూడు పాయింట్ల షాట్ వేశాడు. శాన్ ఆంటోనియో ఆ మ్యాచ్ ఓడింది, ఏడోదీ ఓడింది. ఆ నిర్ణయం మీద అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆరో మ్యాచ్ రాత్రి, సంబరాల కోసం ముందే మాట్లాడి పెట్టిన రెస్టారెంట్‌కే పోపోవిచ్ జట్టును భోజనానికి రమ్మన్నాడు. ఎవరినీ గదిలో ఒంటరిగా కుమిలిపోనివ్వలేదు. మరుసటి ఏడాది అదే మయామీని 4–1తో ఓడించారు.

అభ్యాసం: ఈ వారం ఒకే మ్యాచ్ ఎంచుకోండి, ఒకే కోచ్‌ను చూడండి. అతని టైమౌట్లన్నీ రాసుకుని, ప్రతిదాని తర్వాత దొరికిన షాట్ ఎలాంటిదో ఒక్క పదంలో రాయండి: ‘ఖాళీ’ లేదా ‘ఇరుకు’. బయటికి వచ్చిన ప్రతి ఆటగాడి నడకకు ఒక గీత, కోచ్ పక్కనుంచి వెళ్తే నిలువు, తప్పించుకుపోతే అడ్డం. మ్యాచ్ తర్వాత విలేకరులతో మాట్లాడేటప్పుడు ఓటమి బరువు ఎవరి మీద పెట్టాడో ఒక వాక్యం రాయండి. స్కోరు మాత్రం ఈసారి రాయకండి. వచ్చే పాఠంలో అదే మ్యాచ్‌ను రిఫరీ వైపునుంచి చూస్తాం కాబట్టి, రికార్డు చేసి ఉంచుకోండి.