నాటకంలో వేషానికి చదివొచ్చారా? కబురు వచ్చేదాకా ఏం చేయాలి?

ఆదివారం సాయంత్రం వెళ్లారు. రెండు పేజీలు చదివించారు, కోపంగా ఒకసారి, ఏడుస్తూ ఒకసారి చేయించారు. టీ ఇచ్చి "కబురు చేస్తాంలే" అన్నారు. బుధవారం దాటింది, ఫోన్ మోగలేదు. విజయవాడ, గుంటూరు నాటక సమాజాల్లో ఇది మామూలే. వాళ్లు పిలవలేదంటే మీరు బాగా చేయలేదని కాదు, చాలాసార్లు అక్కడ వాళ్లకే ఇంకా ఏమీ తేలి ఉండదు.

1. అక్కడి నుంచి కదలకముందే అడగండి

"ఎప్పటిలోగా చెబుతారండీ? ఎవరికి ఫోన్ చేయమంటారు?" ఈ రెండు ప్రశ్నలు చాలు. దర్శకుడు వేరు, సమాజం కార్యదర్శి వేరు. తేదీలు చూసుకునేది ఎక్కువగా కార్యదర్శే. ఆయన నంబరు లేకుండా ఇంటికి రాకండి.

2. ఆ రాత్రే రాసిపెట్టుకోండి

ఏ పాత్రకి చదివించారు, మళ్లీ చేయమన్నది ఏ ముక్క, మీకు వీలుకాని తేదీలుగా ఏం చెప్పారు. వారం తర్వాత ఫోన్ వస్తే తడబడకుండా ఉంటారు.

3. ఆలస్యం ఎందుకో తెలుసుకోండి

ఇక్కడి సమాజాల్లో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్స్‌కి వచ్చేవాళ్లే. నాటిక తయారయ్యేది నాటకాల పోటీలు పెట్టే ఏదో ఒక పరిషత్తును దృష్టిలో పెట్టుకుని. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది పక్కనున్న తెనాలిలోనే కదా, ఈ పోటీల అలవాటు పాతదే. చాలా పరిషత్తులు ముందు స్క్రిప్టు పంపమంటాయి. ఎంట్రీ ఖాయమయ్యేదాకా దర్శకుడు వేషాలు పంచడానికి జంకుతాడు.

దానికి తోడు నటీమణుల తేదీలు. అనుభవమున్న నటీమణులు తక్కువ, ఒక్కొక్కరు నాలుగైదు సమాజాలతో ఆడుతుంటారు. ఆవిడ డేట్లు కుదిరితేనే పోటీ తేదీ, ఆవిడ వయసుకీ ఎత్తుకీ తగ్గట్టే భర్త పాత్ర, ఆ భర్తని బట్టే కొడుకు పాత్ర. మీరు అద్భుతంగా చదివినా, తండ్రి కంటే పెద్దవాడిలా కనిపించే కొడుకును ఎవరూ పెట్టుకోరు. పద్య నాటకమైతే శ్రుతి గొడవ కూడా ఉంటుంది. హార్మోనియం ముందు అందరి గొంతులూ ఒకచోట కలవాలి.

4. చెప్పిన గడువు దాటాక ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి

గడువు చెప్పకపోతే వారం, పది రోజులు ఆగండి. ఆ మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"నమస్కారం సార్. మొన్న ఆదివారం పెద్దకొడుకు పాత్రకి చదివాను, బ్రాడీపేట నుంచి వచ్చాను. రిహార్సల్స్‌కి రోజూ సాయంత్రం ఏడు తర్వాత వీలవుతుంది. వచ్చే నెల 10 నుంచి 14 వరకు మాత్రం ఊళ్లో ఉండను. వేషం సంగతి తేలాక ఒక్క మాట చెప్పండి సార్."

కింద మీ పేరు పెట్టండి. వాళ్లకి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి: ఎవరు, ఏ పాత్ర, ఏ తేదీలు. "నాకు అవకాశం ఇవ్వండి సార్, నటనంటే ప్రాణం" లాంటివి రాయకండి, అక్కడున్న అందరికీ ప్రాణమే. బాబాయ్ స్నేహితుడితో సిఫార్సు చేయించడం ఇంకా చేటు. వేషం వచ్చినా రిహార్సల్స్‌లో అందరూ మిమ్మల్ని అదో రకంగా చూస్తారు. ఇక రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపేవాళ్ల నంబరు మ్యూట్‌లో ఉంటుందని వేరే చెప్పాలా?

5. ఈలోగా గొంతు చూసుకోండి, గడ్డం జోలికి పోకండి

వాళ్లు మిమ్మల్ని ఏ అవతారంలో చూశారో అలాగే ఉండండి. గడ్డంతో వెళ్లి ఉంటే తీసేయకండి, జుట్టు పొట్టిగా కొట్టించకండి. స్క్రిప్టు ఇచ్చి ఉంటే మీ డైలాగులే కాదు, ఎదుటివాళ్ల డైలాగుల చివరి మాటలు కూడా పట్టేయండి. అయితే ఒక్కటే పద్ధతిలో బట్టీ కొట్టకండి. దర్శకుడు వేరేలా చెప్పమన్నప్పుడు నాలుక తిరగదు.

6. ఇంకో సమాజం పిలిస్తే

దాచకండి. మొదటివాళ్లకి ఫోన్ చేసి "అటు నుంచి అడుగుతున్నారండీ, రేపటిలోగా చెప్పాలి, మీది ఎంతవరకు వచ్చింది?" అనండి. బెదిరింపులా కాకుండా మామూలుగా. ఇద్దరికీ సరేనని చెప్పి పోటీ ముందు చేతులెత్తేస్తే ఆ మాట గుంటూరు నుంచి విజయవాడ చేరడానికి ఒక్క పూట చాలు. వేషం కావాలంటే ముందు డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే మాత్రం ఆలోచించే పనే లేదు, వదిలేయండి.

7. వేరేవాళ్లకి ఇచ్చారని తెలిస్తే

"సరేనండీ, ప్రాంప్టింగ్‌కి ఎవరూ లేకపోతే నేనొస్తాను" అని ఒక మాట అనండి. రిహార్సల్స్‌లో పుస్తకం పట్టుకుని కూర్చుని, మర్చిపోయిన డైలాగు అందించే మనిషి ఎప్పుడూ కొరతే. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో ప్రదర్శన ఉంటే వెళ్లి చూడండి. అయ్యాక గ్రీన్‌రూమ్ దగ్గర దర్శకుడికి కనిపించి రండి. బదిలీ మీద ఒకరు, పెళ్లి పనులతో ఒకరు మధ్యలో తప్పుకోవడం సమాజాల్లో ప్రతి ఏడూ జరిగేదే. అప్పుడు ముందు వెతికేది డైలాగులన్నీ ఇప్పటికే విని ఉన్న మనిషినే.