గోడకు చెమ్మ పడితే రంగు డబ్బా తర్వాత, ముందు నీటి దారి పట్టుకోండి

కాకినాడ, విశాఖ, బందరు లాంటి ఊళ్లలో ఇంటి మరమ్మతు అంటే సగం చెమ్మతో పనే. నిరుడు వేసిన రంగు పొక్కులు లేస్తుంది, గోడ అడుగున తెల్లటి పిండిలా ఉప్పు రాలుతుంది, బీరువా వెనక బూజు పడుతుంది. చూడ్డానికి అన్నీ ఒకటే జబ్బులా ఉంటాయి గానీ నీరు వచ్చే దారులు వేరు. అది తేల్చకుండా లప్పం పెట్టి రంగు కొట్టిస్తే ఒక్క వానాకాలం దాటదు.

ముందు ఈ పరీక్ష చెయ్యండి. మరక ఉన్నచోట ఊడే రంగు గీకేసి, అడుగు చదరం ప్లాస్టిక్ కవరు పెట్టి, నాలుగంచులా సందు లేకుండా టేపు వెయ్యండి. రెండు రోజులు వదిలెయ్యండి. కవరుకు గోడ వైపు బొట్లు కడితే నీరు గోడలోంచి వస్తోంది. గది వైపు తడిసి గోడ వైపు పొడిగా ఉంటే అది గాలిలో తేమ.

గోడలోంచే వస్తోందని తేలితే ఎత్తు చూడండి. నేల నుంచి మూడడుగుల లోపే ఉంటే నీరు కిందనుంచి ఎక్కుతోంది, లేదా గోడ అవతల బాత్రూమ్ పైపు కారుతోంది. పైపు సంగతి తెలియాలంటే రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత పెట్టి, పొద్దున్నే చూడండి. మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. తగ్గకపోతే బయటికెళ్లి గోడ పక్కన మట్టి చూడండి. పూలమొక్కల కోసం పోసిన మట్టి లోపలి గచ్చు కంటే ఎత్తుగా ఉంటుంది చాలా ఇళ్లలో. ఆ మట్టి గచ్చుకు అరడుగు కిందికి తీసి, వాన నీరు గోడకు దూరంగా పోయేలా వాలు ఇవ్వండి.

ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది: చెమ్మ కనపడకుండా మూడు నాలుగడుగుల ఎత్తు టైల్స్ అంటించడం. నీరు ఎక్కడికీ పోదు, టైల్స్ వెనకే పైకెక్కి, వాటి పై అంచు దాటాక ఉప్పు కక్కుతుంది. మరక మూడడుగుల దగ్గర ఉండేది ఐదడుగులకు చేరుతుంది. ఆయిల్ పెయింటుతోనూ ఇంతే. పాత గోడ అయితే పాడైన ప్లాస్టరింగు మరక కంటే ఒక అడుగు పైదాకా కొట్టేసి, ఎండాకాలమంతా ఇటుక ఆరనిచ్చి, తర్వాత సున్నంతో ప్లాస్టరింగు చేయించి, పైన సున్నమే కొట్టించడం మేలు. సున్నం గోడను ఊపిరాడనిస్తుంది.

మరక సీలింగులో ఉంటే పని స్లాబు మీద. రుతుపవనాలు జూన్‌లో వస్తాయి కాబట్టి మే నెలలోనే ముగించాలి. స్లాబు గట్టిగా ఉంటేనే తూములు మూసి, రెండు అంగుళాల నీరు నిలిపి, ఒక రోజు ఆగి కింద చూడండి. ఎక్కువగా కారేది పిట్టగోడ స్లాబును కలిసే మూలలోనూ, తూము చుట్టూనూ. పగులును ఉలితో సెంటీమీటరు లోతు గాడిలా తీసి, దుమ్ము ఊడ్చి, తడిపి, లేటెక్స్ (సిమెంటుకు పట్టు పెంచే పాల లాంటి ద్రవం) కలిపిన సిమెంటు మాలుతో నింపండి. ఆ పైన సిమెంటుతో కలిపే రకం వాటర్‌ప్రూఫ్ కోటింగు రెండు పూతలు, రెండోది మొదటిదానికి అడ్డంగా. మిట్టమధ్యాహ్నం వెయ్యనివ్వొద్దు. కాలుతున్న స్లాబు పూతలోని నీటిని పీల్చేసి, సన్నని పగుళ్లు తెస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక తడిపి, నిలవ నీరు తుడిచి వెయ్యాలి.

సీలింగు పెచ్చులూడి ఊచలు కనిపిస్తే ఊరికే సిమెంటు మెత్తించకండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి మళ్లీ తోస్తుంది. ఊచ వెనకదాకా కొట్టి, వైరు బ్రష్షుతో రుద్ది, జింక్ ప్రైమరు వేశాకే నింపాలి. ఊచ సన్నబడి ఉంటే ఇంజినీరును పిలవండి, మేస్త్రీతో అయ్యే పని కాదది.

గాలి తేమ అయితే ఖర్చు తక్కువ. బీరువాను గోడకు మూడంగుళాల దూరం జరపండి. ముసురు రోజుల్లో కిటికీలు బార్లా తెరిస్తే లోపలికొచ్చేది తేమే. వాన తెరిపిచ్చినప్పుడు తెరవండి. ఏసీ 18లో పెట్టుకుంటే అవతలి గదిలో అదే గోడకు చెమట పడుతుంది. 25, 26 చాలు. పడిన బూజుకు లీటరు నీటిలో రెండు చెంచాల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటితో తుడిచి, పది నిమిషాలాగి మంచినీళ్లతో తుడవండి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దాంతో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇక గేట్లు, కిటికీ గ్రిల్స్. గరుకు కాగితంతో రుద్దేసి వెంటనే రెడ్ ఆక్సైడ్ పూస్తారు, ఆరు నెలల్లో రంగు కింద తుప్పు బుడగలు లేస్తాయి. మధ్యలో మంచినీళ్లతో కడగకపోవడమే కారణం. సముద్రపు ఉప్పు ఇనుము మీదే ఉండిపోయింది. రుద్ది, కడిగి, ఎండలో ఆరబెట్టి, అదే రోజు ప్రైమరు వెయ్యండి. గ్రిల్లు అడుగు అతుకుల్లోకి చిన్న బ్రష్షు దూర్చండి. నీరు నిలిచేది అక్కడే.