దుబాయ్‌లో ట్యూషన్లు చెప్పబోయే హైదరాబాద్ క్రైస్తవ యువతకు: పని వేళలు, ఆరాధన వేళలు

మన నగరంలోని సంఘాల నుంచి బీఎడ్ గానీ ఎమ్మెస్సీ గానీ పూర్తి చేసిన యువతీయువకులు కొందరు దుబాయ్, షార్జాలకు చదువు చెప్పే పని మీద వెళ్తుంటారు. బయలుదేరే ముందు వాళ్లు అడిగేవన్నీ జీతం గురించి, గది అద్దె గురించి, వీసా గురించి. ఆరాధన సంగతి మాత్రం అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే అని వదిలేస్తారు. వెళ్లాక ఆ చూసుకోవడం జరగదు. ఎందుకంటే ట్యూషన్ చెప్పేవారికి పని దొరికేది మిగతా అందరికీ తీరిక ఉన్న వేళల్లోనే, అంటే సాయంత్రాలూ సెలవు రోజుల్లోనే. ఆరాధనలూ కూడికలూ జరిగేది కూడా సరిగ్గా ఆ వేళల్లోనే. కాబట్టి పరదేశంలో విశ్వాస జీవితం నిలబడడం మీ ఉత్సాహం కన్నా మీరు వేసుకునే వారపు పట్టిక మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా అభిప్రాయం. ఆ పట్టిక పని హైదరాబాద్‌లో ఉండగానే మొదలుపెట్టాలి.

ముందు కాగితాలు. డిగ్రీ పత్రాన్ని విశ్వవిద్యాలయం చేత ధ్రువీకరింపజేసి, తర్వాత రాష్ట్ర ప్రభుత్వ స్థాయిలో, ఆపైన విదేశాంగ శాఖ వద్ద, చివరకు యూఏఈ (దుబాయ్, షార్జాలు ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశం) రాయబార కార్యాలయం వద్ద అటెస్టేషన్ చేయించాలి. ఈ వరుసలో ఒక మెట్టు తప్పితే మళ్లీ మొదటికి రావలసి ఉంటుంది. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా దరఖాస్తు చేయవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కూడా చేతికి ఇవ్వవద్దు. సంఘంలో తెలిసిన అన్న చెప్పాడు కదా అని ఆ పరిశీలన మానుకోకూడదు. పరిచయం వేరు, నమోదు వేరు.

విజిట్ వీసా మీద వెళ్లి ఇళ్లకు తిరిగి ట్యూషన్లు చెప్పడం నేరం. నివాస వీసా ఉన్నా, ప్రైవేటుగా చదువు చెప్పాలంటే విడిగా అనుమతి కావాలి. అక్కడి మానవ వనరుల శాఖ, విద్యాశాఖ కలిసి 2023 డిసెంబరులో ప్రైవేటు ఉపాధ్యాయ పర్మిట్‌ను ప్రవేశపెట్టాయి. బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులతో పాటు ఇతర ఉద్యోగులూ, ఉద్యోగం లేనివారూ, విద్యార్థులూ దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము లేదు, గడువు 2 సంవత్సరాలు. ఉద్యోగంలో ఉన్నవారు యాజమాన్యం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం జతచేయాలి, ప్రవర్తనా నియమావళి మీద సంతకం పెట్టాలి. అందరూ పర్మిట్ లేకుండానే చెప్పుకుంటున్నారని తోటివారు అంటారు. విద్యార్థికి పరీక్షలో నిజాయితీ గురించి చెప్పవలసిన మనిషి తన పనినే దొంగచాటుగా చేసుకోవడం క్రైస్తవుడికి ఎలా నప్పుతుందో నాకు అర్థం కాదు.

సంఘం నుంచి కూడా కొన్ని కాగితాలు తీసుకోవాలి. బాప్తిస్మ పత్రం, నిర్ధారణ (కన్ఫర్మేషన్) పొంది ఉంటే ఆ పత్రం, మీరు సంఘ సభ్యులని తెలిపే పాస్టరు అయ్యగారి లేఖ, ఈ మూడింటినీ స్కాన్ చేసి, అసలు పత్రాలతో పాటు వెంట ఉంచుకోండి. కొత్త సంఘంలో ప్రభురాత్రి భోజనంలో పాలుపొందడానికీ, యవ్వనస్థుల కూడికలో బాధ్యత తీసుకోవడానికీ, రేపు పెళ్లి కుదిరినప్పుడు ఇక్కడి సంఘానికి జవాబు చెప్పడానికీ ఇవి పనికొస్తాయి. మీ సొంత తెలుగు బైబిలు, కీర్తనల పుస్తకం తీసుకెళ్లడానికి ఇబ్బంది ఉండదు. పంచిపెట్టే కరపత్రాలను మాత్రం పెట్టెలో పెట్టుకోవద్దు. ఆ దేశంలో ముస్లింలకు ఇతర మతాన్ని ప్రచారం చేయడం చట్టవిరుద్ధం.

ఇక అసలు సంగతి, వారం. యూఏఈలో 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు సెలవులయ్యాయి, శుక్రవారం సగం పూట పనిదినమైంది. షార్జాలో మాత్రం శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవులే. అంతకుముందు ఆదివారం మామూలు పనిదినం కావడంతో సంఘాలన్నీ ప్రధానంగా శుక్రవారమే కూడుకునేవి. ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు కాబట్టి శుక్రవారం, శనివారం, ఆదివారం మూడు రోజుల్లోనూ ఆరాధనలు జరిగే చోట్లు ఉన్నాయి. ఇది ట్యూటరుకు మేలే. దుబాయ్‌లో ఊద్ మేథా ప్రాంతంలో సెయింట్ మేరీస్ కేథలిక్ చర్చి, ఆంగ్లికన్ వారి హోలీ ట్రినిటీ చర్చి దగ్గరదగ్గరగా ఉన్నాయి, గ్రీన్ లైన్ మెట్రోలో ఊద్ మేథా స్టేషనులో దిగితే చేరుకోవచ్చు. నగరం అటు చివర జెబెల్ అలీలోనూ, షార్జాలో యర్ముక్ ప్రాంతంలోనూ చర్చిల ప్రాంగణాలు ఉన్నాయి. ఒకే ప్రాంగణంలో వేర్వేరు భాషల సంఘాలు గంటల వారీగా హాళ్లు పంచుకుంటాయి. అందువల్ల తెలుగు ఆరాధన ఏ రోజు, ఏ హాలులో, ఎన్ని గంటలకో ఫోను చేసి కనుక్కున్న తర్వాతే గది ఎక్కడ తీసుకోవాలో నిర్ణయించుకోండి. అద్దె తక్కువని మెట్రోకు దూరంగా దిగితే, ప్రతి వారమూ ప్రయాణమే సాకుగా మారుతుంది.

మెట్రో గురించి మరో మాట. మిగతా రోజుల్లో తెల్లవారుజామున 5 గంటలకే నడిచే రైళ్లు ఆదివారం ఉదయం 8 గంటలకు గానీ మొదలుకావు. ఎనిమిది గంటల ఆరాధనకు మెట్రో మీద వెళ్లడం కుదరదన్నమాట. తర్వాతి ఆరాధనను ఎంచుకోండి, లేదా బస్సు వేళలు చూసుకోండి.

పట్టిక వేసే పద్ధతి ఇది. ఒక తెల్ల కాగితం మీద ఏడు రోజులూ గీసి, మొదట ఆరాధన గంటలను, వాటికి రానుపోను ప్రయాణాన్ని కలిపి సిరాతో నింపండి. ఆ తర్వాత వారం మధ్యలో బైబిలు అధ్యయనానికి ఒక సాయంత్రం. మిగిలిన గడులలోనే విద్యార్థులను పెన్సిలుతో రాయండి. బడి వదిలాక నాలుగింటి నుంచి తొమ్మిదింటి దాకా ఉండే గడులకు గిరాకీ ఎక్కువ. వారాంతపు ఉదయాలను తల్లిదండ్రులు గట్టిగా అడుగుతారు, ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చిలలో సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలు దగ్గరపడ్డప్పుడు. మొదటి రోజు ఫీజు మాట్లాడుకునేటప్పుడే “ఆదివారం పొద్దున నాకు వీలుపడదండీ, శనివారం ఎన్ని గంటలకైనా వస్తాను” అని చెప్పేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. మూడో నెలలో చెబితేనే నొచ్చుకుంటారు. షార్జా పిల్లలకు శుక్రవారం పూర్తి సెలవు కాబట్టి వాళ్లను ఆ రోజుకు కుదుర్చుకుంటే ఆదివారం దానంతటదే ఖాళీ అవుతుంది. గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ అక్కడ ప్రభుత్వ సెలవులు కావు. బడులకు డిసెంబరులో శీతాకాలపు సెలవులు వస్తాయి గనుక క్రిస్మస్‌కు పెద్దగా ఇబ్బంది ఉండదు గానీ, గుడ్ ఫ్రైడే మధ్యాహ్నపు ఆరాధనకు మాత్రం నెల ముందే తల్లిదండ్రులకు చెప్పి ఆ గంటను వేరే రోజుకు మార్చుకోవాలి.

విద్యార్థి ఇంట్లో మీరు చదువు చెప్పడానికి వచ్చిన మనిషి, అంతే. ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు. సాక్ష్యం చెప్పే అవకాశాన్ని వదులుకోవడమా అని అడుగుతారు. ఒప్పుకున్న గంటకు రావడం, ఒప్పుకున్న పాఠం పూర్తి చేయడం, పిల్లవాడు వెనకబడ్డాడన్న నిజాన్ని ఫీజు పోతుందన్న భయం లేకుండా తల్లికి చెప్పడం, బడివాళ్లు ఇచ్చిన ప్రాజెక్టును తాను చేసి పెట్టకుండా వాడి చేతనే చేయించడం, ఇవి నోటి మాట కన్నా పెద్ద సాక్ష్యాలు. పైగా ఇందులో చట్టపరమైన చిక్కేమీ లేదు. పాఠం మధ్యలో పిల్లలే అడుగుతారు. వర్గ సమీకరణం సగంలో ఉండగా పెన్సిలు పక్కన పెట్టి, మీ మెడలోని సిలువ గొలుసు వైపు చూస్తూ “మిస్, మీరు రోజుకు ఎన్నిసార్లు ప్రేయర్ చేస్తారు?” అంటారు. “పొద్దున, రాత్రి చేసుకుంటాను. ఇప్పుడు ఈ మైనస్ గుర్తు ఎటు పోయిందో చెప్పు” అంటే చాలు. అబద్ధం చెప్పలేదు, ప్రసంగమూ చేయలేదు. వివరంగా తెలుసుకోవాలని పిల్లలు పట్టుబడితే అమ్మానాన్నలను అడగమని చెప్పండి.

పిల్లలతో కూర్చునేది హాలులోనో, తలుపు తెరిచి ఉన్న గదిలోనో అయి ఉండాలి. పెద్దవాళ్లు ఎవరూ ఇంట్లో లేని సమయంలో పాఠం పెట్టుకోవద్దు. ఇది మీ రక్షణకూ, వాళ్ల రక్షణకూ.

క్రిస్మస్‌కు విద్యార్థుల ఇళ్లకు కేకు ఇవ్వాలనిపించడం సహజమే. సికింద్రాబాద్ బేకరీల అలవాటు కొద్దీ రమ్ వేసిన ప్లమ్ కేకు మాత్రం ముస్లిం కుటుంబానికి పట్టుకెళ్లకండి. ఖర్జూరాలో, మామూలు స్పంజి కేకో ఇవ్వండి. శాకాహారుల ఇళ్లకు గుడ్డు లేని కేకు. అన్నట్టు, హైదరాబాద్‌లో పెరిగినవారికి రంజాను మర్యాదలు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి ఇఫ్తారుకు పళ్లెం రావడం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. అయినా ఉపవాసం ఉన్న ఇంట్లో పాఠం చెబుతూ నీళ్ల సీసా తీయకండి, దాహమైతే బయటికి వచ్చాక తాగండి. ఆ నెలలో బడి గంటలు తగ్గుతాయి. ఇఫ్తారు వేళకు పాఠాలు ఆగిపోతాయి, కొందరు రాత్రి తొమ్మిది తర్వాత రమ్మంటారు. 2026లో భస్మ బుధవారం, అంటే ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలయ్యే రోజు, ఫిబ్రవరి 18న వచ్చింది, రంజాను కూడా ఇంచుమించు అప్పుడే మొదలైంది, బోర్డు పరీక్షలూ ఆ రోజుల్లోనే. అటువంటి ఏడాది శ్రమకాలపు సాయంకాల ఆరాధనలకు వెళ్లాలంటే ఇఫ్తారు ముందూ వెనకా ఏర్పడే ఖాళీని వాడుకోవచ్చు.

మన బస్తీల్లో వారానికొక ఇంట్లో కూడిక పెట్టి, మైకు, తబలా, టీ, బిస్కట్లతో జరుపుకుంటాం. అక్కడ అది సాగదు. ఆరాధనలు అనుమతి ఉన్న స్థలాల్లోనే జరగాలి, ముస్లిమేతర ప్రార్థనాలయాలను నియంత్రించే సమాఖ్య చట్టం కూడా 2023లో వచ్చింది. గదిలో మీరు, మీ గదివారు నెమ్మదిగా ప్రార్థించుకోవడం వేరు, నలుగురైదుగురిని పిలిచి కూటం పెట్టడం వేరు. రెండోదానికి సంఘ కాపరి సలహా లేకుండా పూనుకోవద్దు. బెడ్‌స్పేస్‌లో, అంటే నలుగురితో పంచుకునే గదిలో ఒక మంచం మాత్రమే అద్దెకు తీసుకుని ఉండేవారికి ఏకాంతం దొరకడం కష్టం. గదిలో ఇద్దరు రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పడుకుని ఉంటారు. వాళ్లు లేవకముందే వంటగదిలో టీ పెట్టుకుని అక్కడే ఒక అధ్యాయం చదువుకోవచ్చు, ప్రయాణంలో ఇయర్‌ఫోన్లతో తెలుగు ఆడియో బైబిలు వినవచ్చు.

ఇంటివారితో కుటుంబ ప్రార్థన కోసం రెండు విషయాలు ముందే సరిచూసుకోండి. యూఏఈలో వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్ పనిచేయవు. బోటిమ్, జూమ్, గూగుల్ మీట్ వంటివి పనిచేస్తాయి. బయలుదేరే ముందే అమ్మానాన్నల ఫోనులో వాటిలో ఒకదాన్ని పెట్టి, ఒకటి రెండుసార్లు వాళ్ల చేతే చేయించి చూపండి. రెండోది, అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక నడుస్తుంది. తార్నాకలోనో మల్కాజిగిరిలోనో రాత్రి తొమ్మిదింటికి ప్రార్థనకు కూర్చుంటే అక్కడ ఏడున్నర, అంటే మీరు ఎవరో ఒకరి ఇంట్లో పాఠం చెబుతుంటారు. రోజూ కలవాలని మాట ఇచ్చి తప్పడం కన్నా, ఉదయం ఆరింటికి, అంటే ఇక్కడి ఏడున్నరకు, పది నిమిషాలు కలుసుకుంటే ఎక్కువ కాలం సాగుతుంది.

దశమభాగం (రాబడిలో పదో వంతు సంఘానికి ఇచ్చే కానుక) విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. అక్కడి సంఘంలో ఇచ్చే కానుకకు ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడి మీ సంఘానికి పంపదలచుకుంటే, భారత పౌరుడు విదేశంలో ఉంటూ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బును విదేశీ విరాళాల నియంత్రణ చట్టం విదేశీ విరాళంగా లెక్కించదు. కాబట్టి మీ పేరు మీద, మీ ఖాతా నుంచే పంపి రసీదు తీసుకోండి. విదేశీ పౌరసత్వం ఉన్న స్నేహితులు తమ డబ్బు కూడా కలిపి పంపమంటే మాత్రం ఒప్పుకోవద్దు. అది విదేశీ విరాళమే అవుతుంది, అనుమతి లేని సంఘం దాన్ని తీసుకుంటే ఇబ్బంది పడేది అయ్యగారూ, కమిటీవారూ. అలాగే ఊళ్లో గుడి కడుతున్నారనో, ఎవరికో ఆపరేషన్ ఉందనో అక్కడ చందాలు వసూలు చేయవద్దు. లైసెన్సు లేకుండా విరాళాలు సేకరించడాన్ని యూఏఈ 2021లో చేసిన చట్టం నిషేధిస్తుంది, వాట్సాప్ గ్రూపులో ఖాతా నంబరు పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది.

చివరగా, జూలై, ఆగస్టు నెలలు. బడులకు వేసవి సెలవులు ఇస్తారు, కుటుంబాలు స్వదేశాలకు వెళ్లిపోతాయి, ట్యూషన్ రాబడి దాదాపు ఆగిపోతుంది, గది అద్దె మాత్రం ఆగదు. సెప్టెంబరు నుంచి జూన్ దాకా ప్రతి నెలా కానుక తీసిన వెంటనే ఆ రెండు నెలల అద్దెకు కొంత పక్కన పెట్టండి. ఆ సమయంలోనే హైదరాబాద్ రావడానికి టికెట్టు ధరలు మండిపోతుంటాయి గనుక మార్చిలోనే కొనండి. పర్మిట్ గడువు మీరు ఇక్కడ ఉన్న రోజుల్లో ముగియకుండా చూసుకుని, తిరిగి వెళ్లిన వెంటనే కొత్త విద్యాసంవత్సరపు పట్టికను మళ్లీ తెల్ల కాగితం మీద, ఆరాధన గంటలతోనే మొదలుపెట్టి గీసుకోండి. పాత పట్టికనే కొనసాగిస్తే సర్దుబాటు పేరుతో పోయిన ఆదివారాలు మళ్లీ దొరకవు.