కారు కరెంటు పాఠాలు – 4: ఫ్యూజు కాపాడేది వైరుని

పోయిన పాఠంలో వాట్ల నుంచి ఆంపియర్లు కట్టడం నేర్చుకున్నాం. ఒక జత 55 వాట్ల ఫాగ్ ల్యాంపులకి లెక్క కట్టి, తగిన ఫ్యూజు వేసి చూడమన్నాను. ఈసారి లగ్గులు (వైరు కొసకి బిగించే లోహపు కొనలు) నొక్కడం, జాయింట్లు వేయడం రాయాల్సింది. మీ దగ్గర్నుంచి వచ్చిన మెసేజ్‌లు చదివాక అది పక్కన పెట్టాను.

చాలామందిది ఒకే కథ. 110ని 12తో భాగిస్తే 9.2 వచ్చింది. 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు వేశారు. కొన్నాళ్ళు బాగానే వెలిగాయి. సంక్రాంతి ముందు దట్టమైన మంచులో, సరిగ్గా దీపాలు కావలసిన రాత్రి, కాలవ గట్టు మీద ఫ్యూజు పోయింది. మళ్ళీ 10 వేస్తే మళ్ళీ పోయింది. విసుగొచ్చి 20 వేశారు. కొందరు ఏకంగా 30 ఆంపియర్ల ఆకుపచ్చది వేసి, "ఇక పోవడం లేదండి, సమస్య తీరిపోయింది" అని రాశారు. రాజోలు వైపు నుంచి రాసినాయన ఇంకో వాక్యం కలిపారు: దీపాలు వేసిన పావుగంటకి డ్యాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ కమిలిన వాసన వస్తోందట.

ఆ 30 ఫ్యూజుని ఇప్పుడే తీసేయండి. పాఠం తర్వాత చదువుకోవచ్చు.

ముందు 10 ఎందుకు పోయిందో చూద్దాం. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 12 వోల్టులు ఉండవు, 13.8 నుంచి 14.4 దాకా ఉంటాయి. బల్బు మీద 55 అని రాసి ఉన్నా ఆ వోల్టేజీలో హాలోజన్ బల్బు 60 వాట్లు దాటే తీసుకుంటుంది. రెండూ కలిస్తే 10 ఆంపియర్ల దరిదాపుల్లోకి వచ్చేస్తుంది. పైగా చల్లగా ఉన్న ఫిలమెంటు స్విచ్చి వేసిన క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. బానెట్ కింది వేడి ఫ్యూజుని ఇంకాస్త బలహీనం చేస్తుంది. అంచు మీద పనిచేస్తున్న ఫ్యూజు రోజూ కొంచెం కొంచెం అలసిపోయి ఒక రాత్రి తెగుతుంది. అందుకే లెక్కలో వచ్చినదానికి నాలుగో వంతు కలపమని చెప్పింది. 9.2కి నాలుగో వంతు కలిపితే 11.5. దాని పైన దొరికేది 15, నీలం రంగుది. అంతే, ఆ దీపాలకి 15 చాలు.

కానీ 15 వేసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆ వైరు 15ని మోయగలదా? ఫాగ్ ల్యాంపుల కిట్టుతో వచ్చే వైరు తరచుగా 0.75 స్క్వేరే (రాగి అడ్డుకోత 0.75 చదరపు మిల్లీమీటర్లు) ఉంటుంది, ఒక్కోసారి ఇంకా సన్నం. దానికి 15 ఎక్కువ. అప్పుడు మార్చాల్సింది ఫ్యూజుని కాదు, వైరుని.

ఫ్యూజు దీపాన్ని కాపాడదు. బల్బు పోతే కొత్త బల్బు వేసుకుంటాం. ఫ్యూజు ఉన్నది బ్యాటరీ నుంచి దీపం దాకా వెళ్ళే వైరు కాలకుండా. అందుకే వరుస ఇలా ఉండాలి: దీపాన్ని బట్టి ఆంపియర్లు, ఆంపియర్లనీ దూరాన్నీ బట్టి వైరు, వైరుని బట్టి ఫ్యూజు. ఫ్యూజు పరిమాణం దీపం లాగేదానికి పైనా, వైరు మోయగలిగేదానికి కిందా ఉండాలి. ఆ రెండిటి మధ్య చోటు లేకపోతే లావు వైరు కొనాలి. వేరే దారి లేదు.

దీనికి ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటుంది. "వైరు షార్టయితే వందల ఆంపియర్లు పారతాయి కదండీ, అప్పుడు 30 ఫ్యూజు కూడా పోతుందిగా, ఇక భయమేముంది?" ఈ మాట సగం నిజం కాబట్టే చాలా ప్రమాదం. పూర్తి షార్టయితే 30 ఫ్యూజు రెప్పపాటులో పోతుంది, ఒప్పుకుంటాను. కానీ బండ్లు కాలిపోయేది ఎక్కువగా సగం షార్టులతో. వైరు మీది తొడుగు ఎక్కడో రేకు అంచుకి రాసుకుని అరిగిపోతుంది. తుప్పు, రంగు మధ్యలో అడ్డుండి ఒకటి రెండు పోగులు మాత్రమే తగులుతాయి. ఆ తగిలినచోట అర ఓము అడ్డు ఉందనుకోండి, 12ని అర ఓముతో భాగిస్తే 24 ఆంపియర్లు. 15 ఫ్యూజు అయితే దాన్ని కాసేపట్లో కోసేస్తుంది. 30 ఫ్యూజుకి అది మామూలు పని, కదలదు.

ఇప్పుడు వైరు సంగతి చూడండి. 0.75 స్క్వేర్ రాగి వైరుకి మీటరుకి సుమారు 0.023 ఓముల నిరోధం. వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 9 ఆంపియర్లు పారితే మీటరుకి దాదాపు 2 వాట్ల వేడి. 24 పారితే 13 వాట్లు దాటుతుంది. ఆంపియర్లు రెండున్నర రెట్లకి కాస్త పైన పెరిగితే వేడి ఏడు రెట్లయింది. ఆ వైరు గాలి ఆడేచోట ఉండదు, నల్లటేపు చుట్టిన కట్టలో, పక్కన ఇంకో పది వైర్లతో, కార్పెట్ కింద ఉంటుంది. దాని తొడుగు మెత్తబడితే పక్క వైర్ల తొడుగులూ మెత్తబడతాయి. రాజోలు ఆయనకి వచ్చిన వాసన అదే.

ఇంకో సంగతి. ఫ్యూజు మీద రాసిన అంకె దగ్గరికి రాగానే తెగిపోతుందనుకుంటారు. కాదు. రాసినదాని మీద 10 శాతం ఎక్కువ పారినా బ్లేడు ఫ్యూజు (కార్లలో వేసే రెండు రేకు కాళ్ళ రంగు ఫ్యూజు) 100 గంటలు నిలబడాలని ప్రమాణమే చెబుతోంది. 35 శాతం ఎక్కువైతే తెగడానికి 10 నిమిషాల దాకా పట్టవచ్చు. అంటే 30 ఫ్యూజు 40 ఆంపియర్లని 10 నిమిషాల పాటు వదిలేయవచ్చు. 0.75 వైరులో 40 అంటే మీటరుకి 37 వాట్లు. లెక్క మీరే చేసి చూసుకోండి.

మన ప్రాంతంలో ఈ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. రొయ్యల చెరువు మీద నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు అర్ధరాత్రి ఆగితే రొయ్య తేలిపోతుంది. అందుకని ఫ్యూజు క్యారియర్‌లో తీగ రెండు పేటలు, మూడు పేటలు వేసి తెల్లారేదాకా నెట్టుకొస్తారు. అక్కడా అది తప్పే, కానీ ఆ కంగారు అర్థమవుతుంది. కారులో ఆ చెయ్యి పనికిరాదు. ఫాగ్ ల్యాంపు ఒక రాత్రి వెలగకపోతే నెమ్మదిగా వస్తాం. పోయిన ఫ్యూజుకి సిగరెట్ పెట్టె రేకు చుట్టి దీపం వెలిగించుకుంటే, ఆ బండిలోనే పిల్లలు కూర్చుని ఉంటారు.

ఇక వైరు. సూటిగా నా లెక్క చెబుతాను. పుస్తకాలు దీనికంటే ఎక్కువే ఇస్తాయి, కానీ బానెట్ వేడికీ, కట్టలో బిగించడానికీ నేను తగ్గించే వాడతాను. 1 స్క్వేర్ వైరుకి 10 ఫ్యూజు దాటనివ్వను. ఒకటిన్నరకి 15, రెండున్నరకి 20, 4 స్క్వేర్‌కి 30, 6కి 40. దీపాలకి నేను ఎప్పుడూ ఒక మెట్టు లావు వైరే వేస్తాను, ఎందుకంటే సన్నపు వైరు వెలుగుని తినేస్తుంది. 3 మీటర్ల 0.75 వైరులో 10 ఆంపియర్లు పారితే వెళ్ళేదారిలోనే 0.7 వోల్టు పోతుంది. హాలోజన్ బల్బుకి వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుగు సుమారు 16 శాతం తగ్గుతుంది. రెండున్నర వేస్తే ఆ 0.7 కాస్తా 0.2 అవుతుంది. ఎక్కువ వాట్ల బల్బు కొనే ముందు వైరు మార్చి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.

ఎర్త్ వైరు (దీపం నెగటివ్ నుంచి బండి రేకుకి వెళ్ళేది) కూడా అంతే లావు ఉండాలి. రంగు గీకి, రేకు తెల్లగా కనిపించాక బోల్టు బిగించాలి.

వైరు మీద "1100 వోల్టులు" అని ఉందని ఇంటి వైరు కొనుక్కొచ్చినవాళ్ళున్నారు. 1100 వోల్టులు తట్టుకునేదానికి 12 ఒక లెక్కా అని. ఆ అంకె తొడుగుకి సంబంధించింది, లోపలి రాగికి కాదు. 60 వాట్ల దీపం ఇంట్లో 230 వోల్టుల మీద పావు ఆంపియరు తీసుకుంటే, కారులో అదే 60 వాట్లు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. వోల్టులు తక్కువైన కొద్దీ వైరు లావెక్కాలి. ఇంటి వైరు తొడుగు మామూలుగా 70 డిగ్రీల రకం, నూనెకీ పెట్రోలుకీ తట్టుకునేది కాదు. ఇంజను పక్కన దాన్ని వేయకండి. ఆటో వైరు అని అడిగి తీసుకోండి.

మరీ చవగ్గా వస్తోందంటే బ్లేడుతో ఒక పోగుని గీకి చూడండి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. నిరోధం ఒకటిన్నర రెట్లు ఉంటుంది, ఉప్పుగాలికి తొందరగా తినుకుపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్ళు దాని జోలికే పోవద్దు. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే అది తగరం పూసిన రాగి, మన తీరానికి అదే మేలు. 2022 జూలై వరదలో మునిగిన బండి అయితే పాత కనెక్టర్లు ఒక్కొక్కటీ ఊడదీసి చిలుము పట్టిందేమో చూశాకే కొత్త పని మొదలుపెట్టండి.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలన్నది కూడా కొందరు తప్పారు. అందంగా ఉంటుందని దీపం పక్కన పెట్టారు. కాలవకి గండి పడితే నీళ్ళు ఆపాల్సింది తల దగ్గర తూముతో, శివారులో తలుపు వేస్తే పైన పడ్డ గండి పూడదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు దాకా ఉన్న ముక్కకి ఎవరి కాపలా లేదు. ఆ ముక్క జానెడు మించకుండా చూసుకోండి. చోటు లేకపోతే మూరెడు, అంతకు మించి ఒద్దు. ఆ ముక్కకి గొట్టం తొడగాలి, వైరు రేకులోంచి దూరే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) ఉండాలి.

ఫ్యూజు హోల్డరు కొనేటప్పుడు దాని మీద రాసిన అంకెని నమ్మకండి. "30 ఆంపియర్లు" అని ఉంటుంది, కానీ రెండువైపులా వేలాడే వైరు 0.75 ఉంటుంది. హోల్డరుకి ఉన్న వైరు మీ వైరు కంటే సన్నం కాకూడదు. ఫ్యూజులు కూడా పేరు లేని కలగూర డబ్బా కొనకండి, వాటిలో చెప్పిన దగ్గర తెగనివి ఉంటాయి. నేను బండి కంపెనీ స్పేర్ పార్టుల షాపులోనే తీసుకుంటాను. ఖర్చు కొంచెం ఎక్కువ, పర్వాలేదు.

భీమవరం నుంచి పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే ఒకాయన అడిగిన ప్రశ్న అందరికీ పనికొస్తుంది. ల్యాప్‌టాప్, కెమెరా బ్యాటరీలు దారిలోనే చార్జి చేసుకోవడానికి 300 వాట్ల ఇన్వర్టర్ కొని, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చారు. ఫ్యూజు పోయింది. 15 తీసి 30 వేద్దామా అని అడిగారు. వద్దు. ఆ సాకెట్టూ దాని వెనక వైరూ మామూలుగా 120 వాట్ల పనికి పెట్టినవి. 300ని 12తో భాగిస్తే 25, ఇన్వర్టర్‌లో పోయే నష్టం కలిపితే 30 దగ్గరికి వస్తుంది. నాలుగో వంతు కలిపితే 37, అంటే 40 ఫ్యూజు. దానికి 6 స్క్వేర్ సరిపోతుంది కానీ, బ్యాటరీ నుంచి సీటు కిందకి 4 మీటర్లు ఉంటుంది కాబట్టి నేనైతే 10 స్క్వేర్ వేస్తాను. బ్యాటరీ దగ్గర్నుంచి విడిగా లాగాలి, సాకెట్‌ని ముట్టుకోకూడదు. కంపెనీ ఫ్యూజు బాక్సులో ఏ అంకె ఉందో అదే అంకె ఉండాలి, అక్కడ చర్చ లేదు.

హారన్లకి కొత్తగా చెప్పేదేం లేదు. మీద రాసిన ఆంపియర్లు చూసి ఇదే వరుస పాటించండి.

పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, వాటి దగ్గర వైరు కోయకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండిలో నారింజ రంగు కేబుళ్ళు హైవోల్టేజీవి, వాటిని తాకనే తాకకండి.

ఈసారి అభ్యాసం పెద్దది, ఒక ఆదివారం మొత్తం పడుతుంది. మీ బండిలో బయట వేయించిన ప్రతి సామానుకీ ఒక కాగితం మీద ఐదు సంగతులు రాయండి: ఎన్ని ఆంపియర్లు, వైరు వెళ్ళిన దారి పొడవు ఎంత, వైరు ఎంత లావు, ఫ్యూజు ఎంత, బ్యాటరీకి ఎంత దూరంలో ఉంది. పొడవుని ఊహించి రాయవద్దు, వైరు వెంబడే పురికొస పట్టి కొలవండి. వైరు లావు తెలియకపోతే రెండున్నర, ఒకటిన్నర, ఒకటి ముక్కలు షాపు నుంచి తెచ్చుకుని రాగిని రాగి పక్కన పెట్టి పోల్చండి. ఫ్యూజు దొరకని సామాను కనిపిస్తే బ్యాటరీ నెగటివ్ విప్పి, దాని కనెక్షన్ తీసేయండి.

తర్వాత ఇంజను ఆన్ చేసి దీపాలన్నీ వేసి మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ పాజిటివ్ మీద, రెండో కొస దీపం పాజిటివ్ మీద పెట్టండి. వైరులో పోతున్న వోల్టు నేరుగా కనిపిస్తుంది. అలాగే దీపం నెగటివ్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి. రెండూ కలిపి అర వోల్టు దాటకూడదు. అరగంట వెలగనిచ్చి, ఇంజను ఆపి, ఫ్యూజు హోల్డరునీ ప్రతి జాయింటునీ చేత్తో పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేకపోతే అక్కడ లూజు ఉంది, లేదా వైరు సన్నం. ఆ కాగితం ఫొటో నాకు పంపండి. వచ్చే పాఠంలో లగ్గులు నొక్కడం వాటిలో కనిపించిన జాయింట్లతోనే మొదలుపెడతాను.