డులూత్ లిఫ్ట్ వంతెన దాటబోయే ముందు జాగ్రత్తలు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ రేవులో 1905లో కట్టి, 1930 నాటికి పైకి లేచే వంతెనగా మార్చిన ఈ ఉక్కు కట్టడమే ఇసుక తిన్నె మీది నివాస ప్రాంతమైన పార్క్ పాయింట్‌కు ఉన్న ఏకైక రోడ్డు మార్గం కనుక, ఆ వైపు నుంచి విమానం అందుకోవలసినవారు కనీసం అరగంట ముందుగా బయలుదేరాలి.

వేసవి పగటివేళ చిన్న పడవల కోసం ప్రతి గంటకూ, అరగంటకూ వంతెన ఎత్తుతారు గానీ, 300 మీటర్ల పొడవుండే ఖనిజపు ఓడలకు వేళాపాళా లేదు. శీతకాలంలో, ఓడలు సుపీరియర్ సరస్సులోకి రావడానికి దాటే సూ లాక్స్ అనే జలద్వారాలు మూతపడ్డాక ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

గంట మోగి ఎర్రదీపం వెలిగిన తరువాత, గేటు ఇంకా పూర్తిగా దిగలేదు కదా అని కిందనుంచి దూరడం ప్రాణాంతకం. అప్పటికే వంతెన మీద ఉన్న పాదచారులు, ఫోటోల మోజు ఎంత ఉన్నా, ఆగకుండా గేటు అవతలికి చేరుకోవాలి. కారును గీత వెనుకే నిలిపి ఇంజను ఆపడం మంచిది. వంతెన తలం ఉక్కు జాలీ కాబట్టి వానలో సైకిలు దిగి, కాలిబాట మీద నడిపించుకు వెళ్లాలి. ఓడ హారన్‌కు వంతెన కూడా హారన్‌తోనే బదులిస్తుంది. పసిపిల్లల చెవులు ముందే మూయాలి.